చందమామను గీరే కొబ్బరిచెట్లు

కవిటి దగ్గర బడిలో నేను తెలుగు మేస్టార్ని. ఈ రోజు తొమ్మిదో తరగతికి అతిశయోక్తి అలంకారం చెప్పి, ఉన్నదాన్ని మించి గొప్పగా తలో వాక్యం సొంతంగా చెప్పమన్నాను.

లావణ్య లేచి, "మా తోటలో కొబ్బరిచెట్లు సందమామని గీరేత్తన్నాయి మేస్టారూ" అంది.

పక్కనున్న పిల్ల పకపకా నవ్వింది. "తుపానుకి మీ సెట్లన్నీ పడిపోనాయి కదే! ఇప్పుడున్నవి మోకాలెత్తు మొక్కలే కదేటి?"

"అందుకే ఇప్పుడే సెప్పేత్తన్నాను," అంది లావణ్య. "అవి ఎదిగిపోతే ఇంక అతిశయోక్తి అవదు కదా!"

పూర్తి మార్కులేశాను. సాయంత్రం వస్తూ వాళ్ల తోట దగ్గర బండి ఆపి చూశాను. మొక్కలన్నీ కొత్త మొవ్వు వేశాయి.

మీ తోటల్లో మొక్కలు ఎంతెత్తుకొచ్చాయో కింద రాయండి. ఒక పిల్ల సరిగ్గా చెప్పిన జవాబు తొందరగా తప్పయిపోవాలని కోరుకోవడం నాకిదే మొదటిసారి.