నాయన చేసినట్టే

ఫిబ్రవరి రెండో ఆదివారం, ఉదయం ఆరుంపావుకు మా ఆయన చొక్కా తొడుక్కుంటూ "నా కుడి చెయ్యి ఏదీ?" అని అడిగారు. చెయ్యి అక్కడే ఉంది, సగం చొక్కాలోకి దూరి. ఆయనకే తెలియడం లేదు. పక్షవాతం. పన్నెండు రోజుల తరువాత ఆసుపత్రి నుంచి బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని మా ఇంటికి తీసుకొచ్చాం. చూసుకోవడానికి మనిషిని పెట్టుకోమని డాక్టరు అన్నాడు. అక్కరలేదన్నాను. నేను నాయన చేసింది చూసినదాన్ని.

నాయన అంటే మా స్నేహితురాలి తండ్రి. వర్తూరులో ఉంటారు. ఎనభై తొమ్మిదేళ్లు. ఆమెతో పాటు నేనూ నాయనా అనే పిలుస్తాను. ఆమె తల్లి నడుము కింద చచ్చుబడి నాలుగేళ్లు మంచంలో ఉంటే ఆయన ఒక్కరే చేశారు. తిప్పే ముందు "ఇప్పుడు గోడ పక్కకు తిప్పుతాను" అని ఆమెకు చెప్పి తిప్పేవారు. ఒంటిమీద ఒక్క పుండు పడనివ్వలేదు. అప్పుడప్పుడు వెళ్లి చూసి, మనిషంటే ఇలా ఉండాలి అనుకుంటూ బస్సెక్కేదాన్ని.

నేనూ అలాగే చేశాను. రెండు గంటలకోసారి చెప్పి తిప్పడం, వీపు తుడిచి ఆరబెట్టడం. పుండు పడలేదు. నా నడుముకు మాత్రం పాత చీర బిగించి కట్టుకుంటే తప్ప వంగలేకపోయేదాన్ని. సాయానికి వస్తానని స్నేహితురాలు అంటే వద్దనేదాన్ని. నవంబరులో ఆమె చెప్పకుండా నాయనను ఆటోలో ఎక్కించుకుని వచ్చింది.

ఆయన నన్ను కిందికీ పైకీ చూశారు.

"ఏమ్మా, నడుం కట్టుకొని యుద్ధానికి పోతా ఉండావా?"

"నీ శిష్యురాలు, నాయనా," అంది స్నేహితురాలు. "మనం చెప్తే వినేదే లేదు. నీ మాదిరి ఒక్కతే చెయ్యల్లంట."

"నా మాదిరా?" నాయన కుర్చీలో కూలబడ్డారు. "ఒక్కడే చెయ్యల్లని నేనెప్పుడు అనుకుంటినమ్మా? మీ అమ్మ ఇంకొకరి ముందర బట్ట తీయనీలే. కూతుర్ని కూడా రానీలే. ఆ పంతం ఆమెది. నాకైతే ఎవరన్నా సాయానికి వస్తే బాగుండునని దినామూ ఉండె. వచ్చినోళ్లంతా నన్ను పొగిడి పోయిరి. వాళ్లకు కాఫీ గూడా నేనే పెట్టి ఇస్తి."

ఆ కాఫీ తాగినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆయన మంచం వైపు తిరిగారు. "ఏమప్పా, బయటి మనిషి వచ్చి చేస్తే నీకు సిగ్గా?"

మా ఆయన తల అడ్డంగా ఊపారు. ఒక్కసారి కాదు, గట్టిగా రెండు మూడుసార్లు.

"చూడమ్మా. ఆయప్పకే లేదు. నీకేం వచ్చె?"

సిగ్గా అని మా ఆయనను నేనెప్పుడూ అడగలేదు. అడగాలని తోచలేదు. ఆ మధ్యాహ్నం స్నేహితురాలే ఆయనను పక్కకు తిప్పింది. నేను లోపలి గదిలో పడుకుని చీకటి పడ్డాక లేచాను. మరుసటి సోమవారం నుంచి పగలు ఒక మనిషి వస్తున్నాడు. నాయన మీద గౌరవం తగ్గలేదు. అంత చేసిన మనిషి, తనకూ సాయం కావాలనిపించేదని ఇంకొకరి ఇంటికి వచ్చి చెప్పిపోయారు.

పోయినవి ఇవి. మా ఆయన కుడి చెయ్యి, మాటల్లో చాలావరకు. నా ఒంట్లో తొమ్మిది కిలోలు, ఎడమ భుజంలో సత్తువ. తొమ్మిది నెలల నిద్ర. ఆ తొమ్మిది నెలల్లో చేతిలో పనేదీ లేకుండా ఆయన పక్కన కూర్చున్న రోజు ఒక్కటీ లేదు. ఆ రోజులు కూడా పోయినట్టే.