మెషీన్ సరే, వత్తులు కొనేదెవరు?

మొయినాబాద్‌లో బస్సులు ఆగే చోటికి వెనక సందులో బాలకిషన్ కిరాణా దుకాణం. తండ్రి పెట్టిన దుకాణం అది. ఔటర్ రింగు రోడ్డు పనులు మొదలయ్యాక ఊరి గుండా కార్లు పెరిగాయి, దుకాణానికి గిరాకీ తగ్గింది. కొత్త విల్లాలవాళ్లు సామానంతా నగరంలోనే కొని డిక్కీలో వేసుకొచ్చేవాళ్లు. పొలాలు ప్లాట్లుగా అమ్ముకున్న ఊరివాళ్లు కూడా వాళ్లను చూసి అదే నేర్చుకున్నారు. సందులోకి వచ్చేది అగ్గిపెట్టెకూ చారెడు చింతపండుకూ మాత్రమే.

బాలకిషన్ భార్య కన్యక డిగ్రీ చదివింది. అయినా ఆ ఇంట్లో కోడళ్లు గల్లా మీద కూర్చోరు. వెనక గదిలో పప్పులు చెరగొచ్చు, పొట్లాలు కట్టొచ్చు. గడప దాటి గిరాకీల ముందుకు రాకూడదు. అత్త ఈ సంగతి పెళ్లయిన కొత్తలో ఒక్కసారి చెప్పింది. రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. కాబట్టి కన్యక ఏం సంపాదించినా ఆ నాలుగు గోడల మధ్యే సంపాదించాలి.

కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ల జీతాల గురించి పత్రికలు రోజూ రాస్తున్న కాలం అది. అవే పత్రికల లోపలి పేజీల్లో చిన్న ప్రకటనలు పడేవి. ఇంట్లోనే ఉండండి, సంపాదించండి అని. కవర్లు అతికించే పని, ఫారాలు టైపు చేసే పని. కన్యక దాదాపు అన్నింటికీ ఫోన్ చేసింది. అందరూ ముందు డిపాజిట్ కట్టమన్నారు. ఆ మాట వినగానే ఫోన్ పెట్టేసేది. పని చేయించుకునేవాడు పైసలు ఇవ్వాలి గానీ అడగడం ఏమిటి? షావుకారి ఇంట పుట్టిన పిల్లకు ఆ మాత్రం ఎవరూ నేర్పక్కర్లేదు.

అంత జాగ్రత్త గల మనిషి కూడా మోసపోయింది. ఆశపడింది, తగిన శాస్తి జరిగింది అని బజార్లో చాలామంది అన్నారు. ఆ మాట శుద్ధ అబద్ధం.

ధనరాజ్ అనే కంపెనీ ఏజెంటు ఒకరోజు పొద్దున్నే వచ్చాడు. బాలకిషన్ అప్పుడే షట్టర్ లేపి, ఊదుబత్తి వెలిగించి, గల్లాకు దండం పెట్టుకుంటున్నాడు. వచ్చినవాడు ధరైనా అడగకుండా బెల్లం తూయించుకుని నోటిచ్చాడు. బాలకిషన్ ఆ నోటు కళ్లకద్దుకుని గల్లాలో వేశాక, ధనరాజ్ తన సంచిలోంచి రంగుల కాగితం బయటికి తీశాడు.

బోణి చేసిన మనిషికి లేదు, వద్దు అని చెప్పకూడదు. చెబితే ఆ రోజు గిరాకీనే వద్దన్నట్టు. బజార్లో ఏ దుకాణానికైనా ఈ పట్టింపు ఉంటుంది. అది ధనరాజ్‌కు బాగా తెలుసు. వాళ్ల నాయనకూ తాండూరు వైపు దుకాణం ఉండేదట. వాడు చెప్పిన వాటిలో ఆ ఒక్కటీ నిజం.

వాడు చెప్పింది ఇది. దీపం వత్తులు చేసే చిన్న మెషీన్ కొనుక్కోవాలి. దూది కంపెనీ ఇస్తుంది. చేసిన వత్తులన్నీ కంపెనీయే కొంటుంది. ఇల్లు కదలక్కర్లేదు. డిపాజిట్ అన్న మాట వాడి నోట రాలేదు. మెషీన్ ధర అన్నాడు.

వెనక గదిలో కన్యక అంతా విన్నది. ఆమెకు ఒకటే సందేహం వచ్చింది. సరే, ఇన్ని వత్తులు ఈ కంపెనీ దగ్గర ఎవరు కొంటారు? అడగాలంటే గడప దాటాలి. పైగా బోణి వేళ. గడప దగ్గరే ఆగిపోయింది. బాలకిషన్ సంతకం పెట్టాడు.

మొదటి విడత వత్తులు కంపెనీ కొన్నది, నగదు చేతిలో పెట్టింది. ఎర వేయడం అంటే అదే. ఆ సంగతి ఇప్పుడు చెప్పడం తేలిక.

ఎంకపల్లి నుంచి మైసమ్మ రోజూ ఆ ఇంటికి పాలు తెచ్చేది. ఆమెకు ఒక్క బర్రె ఉండేది. అది మేసే గట్ల చుట్టూ వెంచర్లవాళ్లు కంచెలు వేశారు. మేత కొనాల్సి వస్తోంది. పాలు పోస్తూ రోజూ మెషీన్ వైపు చూసేది. ఒకరోజు అడిగేసింది.

"శేటమ్మా, గిది నాకు గూడ చాతనైతదా?"

"చాతనైతది మైసమ్మా. పైసలు ఇస్తున్నరు. నాకిచ్చిన్రు" అన్నది కన్యక.

ఆ మాట మీద మైసమ్మ బర్రెను అమ్మి మెషీన్ కొన్నది.

తర్వాత కంపెనీకి వత్తుల్లో తప్పులు కనబడటం మొదలైంది. మెలిక వదులన్నారు. తేమ ఎక్కువన్నారు. చివరికి రంగు తగ్గిందన్నారు. నూనెలో వేసి కాల్చేదానికి రంగేమిటని కన్యక ఫోన్‌లో అడిగితే, క్వాలిటీవాళ్లు అట్లే చెప్పారన్నాడు ధనరాజ్. ఆ తర్వాత వాడి ఫోన్ మోగడం మానేసింది. నగరంలో ఆఫీసు గదికి వెళితే తాళం ఉంది. ఠాణాకు వెళితే ఎదురు ప్రశ్న వేశారు. మెషీన్ నడుస్తుందా? నడుస్తుంది. సంతకం మీదేనా? మాదే. మరింక మోసమెక్కడ?

ఇదీ మన దగ్గర న్యాయం. పాడైన మెషీన్ అమ్మినవాడు దొంగ. నడిచే మెషీన్ అమ్మి, కొన్న ఇంటి బతుకుతెరువు ఊడగొట్టినవాడు వ్యాపారి.

మైసమ్మ తిట్టి ఉంటే కన్యకకు తేలికగా ఉండేది. ఒక సాయంత్రం మైసమ్మ దుకాణానికి వచ్చి పాలప్యాకెట్ అడిగింది. మనవరాలికట. ఊరందరికీ పాలు పోసిన మనిషి ప్యాకెట్‌ను కొంగులో దాచుకుని వెళ్లడం కన్యక వెనక గది నుంచి చూసింది. ఆ రాత్రి అన్నం దగ్గర భర్తతో, నా మెషీన్ ఏమైనా కానీ, మైసమ్మ బర్రె మాత్రం తిరిగి రావాలి అన్నది.

కొన్నాళ్లకు పేపర్ మధ్యలో ఒక కరపత్రం వచ్చింది. కంపెనీ పేరు వేరు, మెషీన్ బొమ్మ మాత్రం అదే. చేవెళ్లలో ఒక ఫంక్షన్ హాల్లో మహిళలకు అవగాహన సదస్సు, పొద్దున్నే రావాలి అని ఉంది.

బాలకిషన్ వద్దన్నాడు. "పోయిందేదో పోయింది. నలుగురిట్ల పడితే దుకాణం పేరు పోతది."

"ఆ పేరు చూసే మైసమ్మ బర్రెను అమ్మింది. ఇంకేం పేరు మిగిలింది మనకు?" అన్నది కన్యక.

మైసమ్మ కొడుకు ఎల్లేశ్‌కు ఆటో ఉంది. అందులో మైసమ్మ మెషీన్, కంపెనీ వెనక్కి పంపిన వత్తుల బస్తాలు వేసుకుని కన్యకతో కలిసి ముగ్గురూ వెళ్లారు.

హాలు నిండా ఆడవాళ్లు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఉన్నంతలో మంచి చీరలు కట్టుకుని వచ్చారు. వేదిక మీద పసుపు కుంకుమ పెట్టిన కొత్త మెషీన్ ఒకటి బోణి కోసం సిద్ధంగా ఉంది. ధనరాజ్ దీపం వెలిగించి ఇటు తిరిగేసరికి, కన్యక మైసమ్మ మెషీన్‌ను తెచ్చి దాని పక్కనే పెట్టింది.

"ధనరాజన్నా, ఇయ్యాల బోణి నాది. గిది వాపసు తీస్కో."

వాడు గొంతు తగ్గించాడు. "పొద్దున్నే గా మాటేందక్కా. జర మధ్యాహ్నం రా, మాట్లాడుకుందాం."

"మా దుకాణానికి నువ్వు పొద్దున్నే వచ్చినవ్ గదా. మధ్యాహ్నం ఎందుకు రాకపోతివి?"

ముందు వరుసలవాళ్లు మెడలు చాచి వింటున్నారు. వాడు కాసేపు లెక్క వేసుకుని, ఒక్కదానికే ఇస్తాను, నీ పైసలు నువ్వు తీసుకుని నోరు మూసుకుని వెళ్లు అన్నాడు. కన్యక సొంత మెషీన్ దుకాణం వెనక గదిలోనే ఉంది. గిది మైసమ్మది, పైసలు ఆమె చేతిలో పెట్టు అన్నది. వాడు పెట్టాడు. మైసమ్మ వాటిని రవికలో దోపుకుంది.

అక్కడితో అయిపోయేది. కానీ ధనరాజ్ మైకు అందుకున్నాడు.

"చూసిన్రా అక్కలూ? నచ్చలేదన్నది, చేతుల పైసలు పెట్టినం. వాపసిచ్చే కంపెనీ ఏదన్న ఉన్నదా చెప్పుండ్రి."

చప్పట్లు మోగాయి. ఆడవాళ్లు లేచి బల్ల ముందు వరుస కట్టసాగారు. తాను కొట్లాడి తెచ్చుకున్నదే వాడికి ప్రకటన అయి కూర్చుంది. కన్యక ఒళ్లు మండిపోయింది. బస్తాలు తెమ్మని ఎల్లేశ్‌ను పంపింది. అతను మోసుకొచ్చాక వాటి మూతులు విప్పి వేదిక ముందే గుమ్మరించింది. తెల్లటి వత్తులు కుప్పపడి, వరుసలో నిలబడ్డవాళ్ల కాళ్ల దాకా జారాయి.

"వాపసు ముచ్చట బంద్ చేద్దాం. నువ్వు అమ్మిన మెషీన్ మీద, నువ్వు ఇచ్చిన దూదితోని చేసినం. ఇప్పుడు నువ్వు బోణి చెయ్యి. గివి కొను" అన్నది.

అవి క్వాలిటీ తప్పినవన్నాడు ధనరాజ్.

"సరే. వీళ్లు మంచిగనే చేస్తరు. అవి నీ దగ్గర కొనేదెవరు? ఒక్క దుకాణం పేరు చెప్పు, పోయి అడిగొస్తం."

"ఎక్స్‌పోర్ట్ అక్కా. బయటి దేశాలకు పోతయ్."

వరుసలో ఉన్న బీరమ్మ అనే ముసలావిడ అప్పుడు నోరు తెరిచింది. "దీపం పెట్టేది మనమైతిమి. గా తెల్లోళ్లు వత్తులతోని ఏం జేస్తరు బిడ్డా, చెవులు తుడుచుకుంటరా?"

హాలంతా నవ్వింది. నవ్వినవాళ్లు చాలావరకు వరుసలోంచి బయటికి వచ్చేశారు. చాలావరకే, అందరూ కాదు. నలుగురైదుగురు వత్తులు కాళ్లకు తగులుతున్నా కదలకుండా పైసలు పిడికిట్లో పట్టుకుని నిలబడ్డారు. ఇంటికి ఉత్త చేతులతో వెళ్లే దారి లేనివాళ్లు. ధనరాజ్ వాళ్లకు అమ్మే వెళ్లాడు. వాడి మీద కేసు లేదు. ఇంకో పేరుతో ఇంకో ఊళ్లో ఏదో ఒక హాలు కిరాయికి తీసుకునే ఉంటాడు.

మైసమ్మ మళ్లీ బర్రెను కొన్నది. మునుపటి దాని కంటే బక్కది.

కన్యక మెషీన్ వెనక గదిలో ఉప్పు బస్తాల పక్కన పడి ఉంది. మరుసటి వారం నుంచి ఆమె వచ్చి గల్లా మీద కూర్చుంటోంది. మొదటి రోజు అత్త లోపలికి వెళ్లి అన్నం ముట్టలేదు. రెండో రోజు తిన్నది. కొత్త విల్లాలకు సామాను చేరవేయడానికి కన్యక ఎల్లేశ్ ఆటోను మాట్లాడింది. గొప్పగా ఏమీ లేదు గానీ నడుస్తోంది.

ఒక పొద్దున షట్టర్ లేపగానే ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి వచ్చి ధర అడగకుండా రెండు సబ్బులు కొన్నాడు. నోటు గల్లాలో పడ్డాక సంచిలోంచి కాగితం తీశాడు. ఇంట్లోనే కూర్చుని టైపింగ్ పని, నెల తిరిగేసరికి ఆదాయం అన్నాడు.

"టైపు చేసింది కొనేదెవరు?" అన్నది కన్యక.

అతను ముందు ఫీజు గురించి చెప్పబోయాడు.

"వద్దు."

బోణి వేళ ఆ దుకాణంలో ఆ మాట ఎవరూ విని ఉండరు. పక్కన పప్పు తూస్తున్న బాలకిషన్ చేయి తక్కెడ మీదే ఆగిపోయింది. ఆ రోజు గిరాకీ ఎప్పటిలాగే ఉంది.