మంచం ఖాళీగా లేదు

మా తోటికోడలు గొడవల్లో గెలవడం నాకు కొత్త కాదు. ఆమె గెలిస్తే నాకు సంతోషం కలగడం మాత్రం ఒక్కసారే జరిగింది. అది కూడా అవతలివాళ్లు ఆమెకంటే పొగరుగా ఉండబట్టి.

మా పేట ఆస్పత్రి వెనక భాగంలో ఒక వార్డుంది. సగం దాకా ఆకుపచ్చ రంగు వేసిన గోడలు, ఇనుప మంచాలు, ఒక రెక్క ఊడిపోయిన కిటికీ. ఆమె అక్కడ ఆయా. ఆ రోజు నేను మా ఆయన దగ్గు మందు కోసం వెళ్లాను. బయట వ్యాను ఆగింది. ఇద్దరు మనుషులు తాళ్లు భుజాన వేసుకుని తిన్నగా వార్డులోకి వచ్చి, ఒక మంచాన్ని చెరోవైపూ పట్టుకున్నారు.

"ఎక్కడికి బాబూ ఎత్తుకుపోతున్నారు?" అంది ఆమె.

"ఊరి బయట కొత్త ఆస్పత్రికమ్మా. ఖాళీ మంచాలన్నీ తెమ్మని పైనుంచి ఆర్డరు."

"ఖాళీవా?" అని ఆమె చేతిలో చీపురు గోడకు ఆనించింది. ఆ మంచమే ఎక్కి పడుకుని, దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. "ఇప్పుడు ఖాళీగా లేదు. నాకు జ్వరం."

"ఇంతసేపూ ఊడుస్తూనే ఉన్నావు కదమ్మా!"

"ఊడిస్తేనే వచ్చింది. మీ మొహాలు చూశాక ఇంకా పెరిగింది. ఎత్తండి, నన్ను కూడా ఎత్తండి. దారి పొడవునా అరుచుకుంటూ వస్తా."

ఆమె అరుపు సంగతి వాళ్లకూ తెలిసినట్టుంది. మా పేటలో అందరూ ఆమెను సైరను అంటారు. మిల్లు నడిచినన్నాళ్లూ మాకు రెండు సైరన్లు. మిల్లు మూతపడ్డాక ఇదొక్కటే మిగిలింది. ఆ ఇద్దరిలో పెద్దవాడు ఎవరికో ఫోను చేశాడు. రోగి ఉన్న మంచాన్ని కదపకూడదని రూలుందట, వదిలేసి రమ్మన్నారట. వ్యాను ఎలా వచ్చిందో అలాగే పోయింది. ఆమె లేచి, వాళ్లు నిలబడిన చోటు మళ్లీ ఊడ్చింది.

మా ఇద్దరికీ పడదని మా పేటలో పసిపిల్లను అడిగినా చెబుతుంది. నేను పెద్ద కోడల్ని, ఆమె చిన్న కోడలు. అత్తగారు గదిలోకి వస్తే ఆమె చటుక్కున లేచి నిలబడేది. నేను కూర్చున్నచోటే కూర్చునేదాన్ని. మోకాళ్ల నొప్పులేం లేవు, ఇష్టం లేక లేచేదాన్ని కాదు. ఈ సంగతి ఆమె ఇంటింటికీ మోసింది. "మా అక్క అత్తగారికే లేవదు, ఇంకెవరికి లేస్తుంది?" అని నీళ్ల పంపు దగ్గర నవ్వేది. తర్వాత ఇల్లు రెండు ముక్కలైంది, మధ్యలో గోడ లేచింది. అప్పట్నుంచి ఆమె నాతో చెప్పాలనుకున్నదంతా గోడ అవతలినుంచి మా ఆయనకు చెప్పేది. నాకు వినపడకపోవడమంటూ ఉండదు.

మా మరిది మిల్లులో దూది దుమ్ము మింగి మింగి, చివరికి ఆ వార్డులోనే కిటికీ పక్క మంచం మీద పోయాడు. ఆమె అతని పక్క దుప్పటి మార్చి, మొహం కడిగి, పక్క మంచం వాడికి నీళ్లు పట్టించి, అప్పుడు ఏడ్చింది. అది నేను చూశాను. చూశానని ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు, చెప్పి నెత్తికెక్కించుకునే ఉద్దేశం నాకు లేదు.

ఇక ప్రభుత్వం వారి సంగతి. మిల్లు మూతపడ్డాక మైకులు కట్టుకుని వచ్చారు. ఊరి బయటున్న మిల్లు స్థలం ఒక కంపెనీకిస్తున్నామన్నారు, వాళ్లు పెద్ద ఆస్పత్రి కడతారన్నారు, పనులన్నీ మీకే, వైద్యమూ మీకే, చేతికో కార్డు అన్నారు. రోగమూ లేమీ ఒకే గేటులోంచి బయటికి పోతాయన్నారు. మావాళ్లు చప్పట్లు కొట్టారు. మా ఆయన అందరికంటే గట్టిగా కొట్టాడు.

అద్దాల ఆస్పత్రి లేచింది. పనులంటే మా ఆడపిల్లలకు ఆ అద్దాలు తుడిచే పని, అది కూడా కాంట్రాక్టరు దయ తలచిన రోజు. కార్డు పట్టుకుని మా ఆయనను నేనే తీసుకెళ్లాను. గాజు కిటికీ వెనక అమ్మాయి కార్డు అటూ ఇటూ తిప్పి, "ఆపరేషన్ ఉంటేనే ఇది చెల్లుతుందండీ. దగ్గుకి చెల్లదు" అంది.

"సరేనమ్మా" అన్నాడు మా ఆయన, ఆమె ఏదో మేలు చేసినట్టు.

"అయితే కొయ్యడానికి ఈయనలో ఏదో ఒకటి వెతకమ్మా. ఇంతదూరం వచ్చాం, ఊరికే పంపకు" అన్నాను నేను. ఆ అమ్మాయి నవ్వలేదు.

మా పేట వార్డుకు ఇటు ఏం చేశారంటే, ముందు డాక్టరును బదిలీ చేశారు. తర్వాత మందులు తగ్గించారు. తర్వాత గాలి సిలిండర్లు అడిగితే వస్తున్నాయన్నారు, రాలేదు. ఇదంతా చేసి, చివరికి వార్డుకి రోగులే రావడం లేదని రాసుకున్నారు. పొయ్యి ఆర్పేసినవాడే అన్నానికి ఎవరూ రావడం లేదని మొహం చిన్నబుచ్చుకున్నట్టు! మంచాలు ఖాళీగా ఉన్నాయో లేదో చూడ్డానికి ఆఫీసరు వస్తాడనీ, ఖాళీగా ఉంటే వార్డుకు తాళమేననీ నర్సు చెప్పింది.

సైరనుకు వ్యాను రోజు నేర్పిన పాఠం గుర్తుంది. మనిషి ఉంటే మంచం కదలదు. ఇంటింటికీ తిరిగింది. మా ఇంటికి రాలేదనుకోండి, గోడ మీదినుంచే, "బావగారూ, పొద్దున్నే వచ్చి పడుకోండి. పెద్ద పనేం కాదు, దగ్గితే చాలు" అని కేకేసింది.

మిల్లు మగాళ్లంతా వెళ్లారు. ఇందులో మోసం సగమే. దగ్గులు నిజమైనవే. నేను కిటికీ బయట నిలబడ్డాను. పనిగట్టుకుని చూడ్డానికి కాదు, బజారుకు అదే దారి. లోపల వరసగా పడుకున్నారు, దుప్పట్లు కప్పుకుని, ఎంతో ముద్దుగా దగ్గుతూ. ఎప్పుడూ లేనిది, ఆ వార్డు వార్డులా కనిపించింది.

తలుపు తెరుచుకుంది. చంకలో ఫైలు, కాళ్లకు మెరిసే బూట్లతో ఆఫీసరు లోపల అడుగు పెట్టాడు.

అందరూ లేచి నిలబడ్డారు.

మిల్లులో అదే పద్ధతి. షెడ్డులోకి సూపర్‌వైజరు వస్తే ఎక్కడివాడక్కడ లేచి, చేతులు కిందికి వదిలి, మిషను పక్కన నిలబడాలి. నిలబడనివాడికి ఆ రోజు పని చేసినట్టే కాదు. జీవితమంతా అలా లేచిన కాళ్లు. వాటికి పడుకుని ఉండమని ఎవరు చెబితే వింటాయి? మా ఆయన అందరికంటే ముందు లేచాడు. చెప్పులు కూడా వేసుకున్నాడు. మెడ చుట్టూ దుప్పటి, మొహంలో వినయం.

"పేషెంట్లందరూ చాలా ఆరోగ్యంగా ఉన్నారే!" అన్నాడు ఆఫీసరు.

"అవునండి. తమరి దయ" అన్నాడు మా ఆయన.

ఆఫీసరు నవ్వి, మళ్లీ వస్తాననీ, ఈసారి నిజంగా రోగులుంటేనే మాట్లాడదామనీ చెప్పి వెళ్లాడు. అతను గేటు దాటాడో లేదో సైరను మోగింది. "బావగారూ! పని చెయ్యమన్నానా, పరుగెత్తమన్నానా? పడుకోమన్నాను! పడుకోడం కూడా చేతకాదా మీకు?"

"నేను లేవలేదమ్మా. కాళ్లే లేచాయి" అన్నాడాయన తల వంచుకుని.

ఇంటికొచ్చాక నేనూ నాలుగు మాటలు తగిలించాను. ఆమెకు మద్దతుగా కాదు, ఆయన సిగ్గులేనితనానికి.

ఆ తర్వాత ఎన్నాళ్లో కాలేదు, గోడ అవతల చప్పుడు తగ్గింది. ఆమెకు ఆయాసం పట్టుకుంది. దగ్గువాళ్ల దుప్పట్లు ఉతికి ఉతికి, వాళ్ల ఊపిరే పీల్చి పీల్చి తెచ్చుకున్నది. అద్దాల ఆస్పత్రికి మా ఆయనే తీసుకెళ్లాడు. కొయ్యడానికి ఆమెలోనూ ఏమీ దొరకలేదట, తిప్పి పంపారు. నర్సు ఎక్కడ అడిగిందో, ఎవరి కాళ్లు పట్టుకుందో, ఒక గాలి సిలిండరు సంపాదించి, ఆమెను కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టింది. వార్డుకు తాళం పడితే సిలిండరు వెనక్కి పోతుంది. ఆమె ఇంటికి రావాలి. ఆ ఇంట్లో గాలి మాట అటుంచి కిటికీయే లేదు. ఉన్న కిటికీని మా గోడ మూసేసింది.

"నిన్ను రమ్మంటోంది" అన్నాడు మా ఆయన.

"ఎవరు?"

"ఎవరేమిటి? నీ తోటికోడలు."

వెళ్లాను. మిగిలిన మంచాలు దుమ్ము పట్టి ఉన్నాయి. ఆమె ముక్కుకు గొట్టం. ఆ గొంతు వినడానికి నేను వంగాల్సి వచ్చింది. ఆమె ముందు వంగడం నాకు అదే మొదటిసారి.

"రేపు ఆఫీసరు వస్తాడు" అంది.

"వస్తే రానీ. ఈసారి నిజం రోగివి నువ్వున్నావుగా."

"ఒక్కరుంటే వార్డు కాదట. ఇద్దరుండాలట. రూలు."

"రూలు పెట్టినవాణ్ణి పక్క మంచం మీద పడుకోమను."

ఆమె నవ్వబోయింది, దగ్గొచ్చింది. తగ్గేదాకా ఆగి, "నువ్వు పడుకో" అంది.

"నేనా? నాకేం రోగం?"

"నోరు. ఏ డాక్టరైనా రాసిస్తాడు."

"మీ బావగారిని పిలుచుకో. ఆయనకు దగ్గైనా ఉంది."

"ఆయన లేస్తారు. ఈ పేటలో అందరూ లేస్తారక్కా. ఊపిరుంటే నేనూ లేస్తాను." గాలి కోసం కాసేపు ఆగింది. "అత్తగారొస్తేనే లేవనిదానివి నువ్వొక్కదానివే. ఊరంతా చెప్పాను కదా."

"చెప్పావు. పంపు దగ్గర నవ్వి మరీ చెప్పావు."

"అందుకే నిన్ను అడుగుతున్నా. వాడు నీ మంచం కాళ్ల దగ్గరికొచ్చి నిలబడనీ, మంత్రినే వెంటబెట్టుకుని రానీ. దుప్పటి కప్పుకుని అలాగే చూస్తూ ఉండు. లేవకు."