స్టీరింగ్ మీద తల

తొంభైల్లో ఫిల్మ్ నగర్‌లో మా షూటింగుల జనరేటర్ లారీకి ఆయనే డ్రైవరు. బండి కదిలేముందు మావాళ్లు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టేవారు. ఆయన స్టీరింగ్ మీద తల ఆనించి యేసయ్యకు ప్రార్థన చేసుకుని, ఆమెన్ అన్నాకే తాళం తిప్పి, మా నిమ్మకాయలు తొక్కించేవాడు. ఏ దేవుడికీ అన్యాయం చేయలేదు.

రాత్రింబవళ్లు డ్యూటీ కావడంతో ఆ ప్రార్థన నానాటికీ పొడుగయ్యేది.

“ప్రార్థనా, నిద్రా అన్నా?” అనేవాణ్ణి.

“రెండూ తమ్ముడూ. ప్రభువు ఏమీ అనుకోడు, మేనేజరే అనుకుంటాడు.”

భార్యను సమాధి చేసిన మర్నాడే డ్యూటీకి వచ్చాడు. స్టీరింగ్ మీద వాల్చిన తల ఎంతకీ ఎత్తలేదు. ఏం మాట్లాడాలో తెలియక పాత ప్రశ్నే అడిగాను.

“రెండూ రావట్లేదు తమ్ముడూ,” అన్నాడు.

ఆమెన్ అనకుండానే తాళం తిప్పాడు. నిమ్మకాయలు మాత్రం ఎప్పటిలాగే చితికాయి.