ఎనిమిదో పాఠం నుంచి ఐదు లెక్కలు

ఇన్నేళ్ళూ ఒక ప్రశ్నపత్రాన్ని మోస్తున్నాను. ఒక్క కాగితం, పది లెక్కలు. రాసింది నేనే. దాని సంగతి ఇంట్లోనూ చెప్పలేదు, స్నేహితులకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. క్షమించమని మాత్రం అడగను.

తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. నా హిందీని అందరి ముందూ వెక్కిరించిన ఒక టీచరు వల్ల. ఆ తర్వాత నేర్చుకున్నదంతా, బీజగణితంతో సహా, మా ఉక్కు ప్లాంటు ఊళ్ళో సెక్టర్ 7 లైబ్రరీ బల్ల దగ్గర ఒంటరిగా నేర్చుకున్నదే. ఆ గర్వం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

మేముండే హిందీ ప్రాంతం కొత్త రాష్ట్రమైన తొలి ఏళ్ళలో, ఖుర్సీపార్ పేటలో మా తెలుగువాళ్ళ సంఘం గదిలో పైడయ్య మాస్టారు సాయంత్రాలు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పేవారు. ప్లాంటులో రిటైరైన మనిషి. ఆయనదొక పద్ధతి. లెక్క అయ్యాక ప్రతి ఒక్కరూ దాన్ని పక్కవాళ్ళకు హిందీలోనో తెలుగులోనో సొంత మాటల్లో చెప్పి ఒప్పించాలి. అందరూ ఒప్పుకుంటేనే తర్వాతి లెక్క. అందుకే నత్తనడక.

అప్పుడే సంఘానికి మూడు కంప్యూటర్లు వచ్చాయి, కొందరు పిల్లలు వాటి దగ్గర చేరారు. ఇంటర్నెట్లో పాఠాలు ఎక్కడో దూరపు ఊరి నుంచి వచ్చేవి. సందేహం టైపు చేస్తే మర్నాడు జవాబు. ఎవరైనా ఫోను ఎత్తితే లైను తెగేది. అయినా నాకు ముచ్చటేసింది. ఒకే పాఠం పదిసార్లు చదువుకోవచ్చు, నవ్వేవాళ్ళుండరు.

ఉన్నది ఒక్క గది. రెండు చదువులూ అందులో ఎక్కువ కాలం నడవవు. ఏది మేలో పరీక్ష పెట్టి తేలుద్దామన్నారు సంఘం పెద్దలు. ఏ పక్కా చేరనివాడినని పేపరు నన్ను తయారు చేయమన్నారు.

మాస్టారి పిల్లలు ఏడో పాఠంలోనే ఉన్నారని నాకు తెలుసు. కంప్యూటరు పిల్లలు ఎనిమిదోది పూర్తి చేశారనీ తెలుసు. సగం లెక్కలు ఎనిమిదో పాఠం నుంచి ఇచ్చాను. పొరపాటా? కాదు. మాస్టారు నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు, నన్ను వెక్కిరించిన టీచరు ముఖమైనా నాకు సరిగ్గా గుర్తులేదు, కానీ నల్లబల్ల ముందు నిలబడే మనిషి ఎవరైనా సరే ఒక్కసారి ఓడిపోతే చూడాలనిపించింది.

ఓడిపోయారు. మార్కులు చదివాక మాస్టారు నన్ను వరండాలోకి పిలిచారు.

“ఏటి బాబూ, ఎనిమిదో పాఠం మేమింకా ముట్టనేదు కదా. నీకు తెల్దా?”

“తెల్దు మాస్టారూ. అయినా పుస్తకం పిల్లల చేతిలోనే ఉంది కదా. మీరాగితే వాళ్ళూ ఆగిపోవాలేటి?”



“నిజమేలే. నేనే లేటు చేసీసినాను.”

పెద్దలతోనూ అదే మాట చెప్పి గది తాళంచెవి ఇచ్చేశారు. ఆ ఏడే విజయనగరం వెళ్ళిపోయారు. తప్పు తనదేనని నమ్మి వెళ్ళారు.

ఆయన పిల్లల్ని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టే పని నాకే వచ్చింది. కొందరు చకచకా అందుకున్నారు. సుగుణ అనే పిల్ల మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని తెరను చూస్తూ ఉండేది. అర్థమైందా అంటే “హా భయ్యా” అనేది. మాస్టారైతే ముఖం చూసి కనిపెట్టేవారు. నేను కనిపెట్టలేదు. నెల తిరగకుండానే రావడం మానేసింది. పదో తరగతి పరీక్ష తప్పింది. మళ్ళీ కట్టలేదు.

గురువు లేకుండా చదువు రాదని నాకు చెప్పకండి. వస్తుంది. నాకు వచ్చింది. తెర ముందు కొందరికి వస్తుంది, గదిలో పదిమంది మధ్య కొందరికి వస్తుంది. ఎవరికి ఎక్కడ వస్తుందో ఆ పరీక్ష కొంతైనా చెప్పేది. నేను చెప్పనివ్వలేదు. నా చదువు మీద నాకంత నమ్మకముంటే, న్యాయమైన పేపరుకు ఎందుకు భయపడ్డాను?

మాస్టారు లేటు చేయలేదు. నేను మోసం చేశాను. ఈ రెండు వాక్యాలు రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. మీరేమనుకున్నా సరే, వీటిని ఇక కొట్టేయను.