చర్చి గుమ్మం బయట విడిచిన బూట్లు

మోకాలి ఆపరేషన్ బాగా జరిగితే తిరుమల మెట్లెక్కుతానని మా ఆవిడ మొక్కుకుంది. ఆపరేషన్ బాగానే జరిగింది గానీ డాక్టరు మెట్ల జోలికి వెళ్లొద్దన్నాడు. ఐర్లండ్‌లో, లిమరిక్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వచ్చాక, ట్రలీ నుంచి డింగిల్ దాకా మూడు రోజులు నడిచే యాత్రా మార్గం ఒకటుందని విని, మొక్కు ఆ నడకతోనే తీర్చుకుంటానని మా ఆవిడే తేల్చేసింది.

"మెట్లొద్దన్నాడు గానీ నడకొద్దనలేదుగా. ఏ దేవుడి దారైనా దారేనండీ."

షరతు ఒక్కటే. మధ్యలో బండెక్కకూడదు.

అమ్మాయి మమ్మల్ని ట్రలీలో దింపింది. "నొప్పి పుడితే ఫోన్ చెయ్యమ్మా, కారేసుకుని వచ్చేస్తా" అంది.

"నువ్వు రానక్కర్లేకుండా చూడమని దణ్ణం పెట్టుకో" అంది వాళ్లమ్మ.

దారంతా కొండ పక్కన, గొర్రెల మధ్య నుంచి. కంచె వచ్చినచోటల్లా దాటడానికి రెండేసి చెక్కమెట్లున్నాయి. మా ఆవిడ పై చెక్క మీద కూర్చుని, పక్కకు తిరిగి, మంచి కాలు ముందు దించేది. "ఇవి డాక్టరు చెప్పిన మెట్లు కావు" అనేది, నేనేమీ అనకుండానే.

మధ్యాహ్నం ఒక చిన్న చర్చి కనిపించింది. ఇద్దరం అలవాటు కొద్దీ బూట్లు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్లాం. తను కళ్లు మూసుకుని చాలాసేపు కూర్చుంది. బయటికొచ్చేసరికి ఒక వాన వచ్చి వెళ్లిపోయింది. నాలుగు బూట్లూ నీళ్లతో నిండి ఉన్నాయి.

తలుపు దగ్గర చీపురుతో ఉన్న ముసలాయన వాటిని చూసి అడిగాడు: "ఇక్కడెందుకు విప్పారు?"

"మా గుళ్లలో బయటే విప్పుతామండీ."

"మీ దగ్గర వానలు తక్కువేమో" అన్నాడాయన.

తడి బూట్లతోనే బస దాకా నడిచాం. సాయంత్రానికి మా ఆవిడ ఎడమ మడమ మీద పెద్ద బొబ్బ. బస నడిపే ఆవిడ బూట్లు చూసి నవ్వి, పాత పేపర్లు తెచ్చి ఉండలు చుట్టి లోపల కుక్కింది. "రేపటికి గ్రాండ్‌గా ఉంటాయి" అంది. ఇక్కడివాళ్లకు బాగుంటే చాలు, గ్రాండే. నేను ఉద్యోగమంతా పేపరాఫీసులోనే చేశాను. నిన్నటి పేపరుకు అంత గిరాకీ ఎప్పుడూ చూడలేదు.

ఈలోగా అమ్మాయి ఫోను. "అమ్మా, ప్లీజ్. రేపొక్క రోజు కార్లో వెళ్లు. దేవుడేం అనుకోడు."

"దేవుడనుకోడే. నేననుకుంటాను."

పొద్దున్నకి బూట్లు గ్రాండ్‌గా లేవు. ఎడమది మడమ దగ్గర ఒరుసుకుని అసలు ఎక్కలేదు. మా ఆవిడ సంచిలోంచి మడమ తెరిచి ఉండే చెప్పులు తీసింది. వాటితో కొండదారి కుదరదు, తారురోడ్డున వెళ్లండి, దూరం ఎక్కువే గానీ కంచెలుండవు అని బస ఆవిడ చెప్పింది. తర్వాత కారు తాళాలు చేతిలోకి తీసుకుంది.

"నేనూ అటే వెళ్తున్నాను. ఎక్కండి, మీ తర్వాతి బస దగ్గర దింపేస్తాను."

మా ఆవిడ తడి బూట్లు రెండు జతలూ ఎత్తి ఆవిడ చేతికిచ్చింది.

"వీటిని ఎక్కించండి. మొక్కు నాదే గానీ వీటిది కాదు."

కడుపులో పేపర్లతో బూట్లు ముందు సీట్లో కూర్చుని వెళ్లిపోయాయి. మేం చెప్పులతో వెనక నడిచాం. సాయంత్రం చేరేసరికి అవి ఆరిపోయి, గుమ్మం లోపలి వైపు, వరసగా ఉన్నాయి.