అక్క తిన్న నాలుగో ప్లేటు

నిన్న పొద్దున కోనసీమ నుంచి అక్క మేనకోడలు ఫోన్ చేసింది. అక్క పోయిందని చెప్పి ఏడ్చింది. కాసేపాగి, "తీపి మానమంటే మానలేదండీ. ఆ నోటి వల్లే ముందు పాదం పోయింది, ఇప్పుడు మనిషే పోయింది" అంది.

ఇస్త్రీ చేయాల్సిన బట్టలు పక్కన పెట్టి కాగితాలు వెతికాను. ఆ మాట నిజం కాదు. కాదని చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. కానీ నోరు విప్పనని దీపం ముందు అక్కకు ఒట్టేశాను. రాయనని వేయలేదు. పదో తరగతి దాకా చదివి, ఇంటికి ఉత్తరాలు తప్ప ఏమీ రాయనిదాన్ని, యాభై ఏళ్ల వయసులో కలం పట్టడం అందుకే. తప్పులుంటే మన్నించండి.

ఆమె నా తోడబుట్టింది కాదు. నాది కడప జిల్లా. కువైట్‌లోని ఫింటాస్‌లో ఒక అరబ్బుల ఇంట్లో ఆమె వంట మనిషి, నేను ఇల్లు తుడిచే మనిషిని. నాకు ఇరవై రెండేళ్లు, ఆమెకు నలభై దాటాయి. మంచి ఒళ్లున్న మనిషి. అప్పటికే షుగరు, పనిలోంచి తీసేస్తారని ఇంటివాళ్లకు చెప్పలేదు. పొద్దున్నే మాత్ర వేసుకుని చక్కెర లేని టీ తాగేది. ఇంట్లో ఏ తీపి వండినా రుచి చూడటానికి నన్ను పిలిచేది. "నా నాలుకని నమ్మకూడదే పిల్లా, ఒకసారి అలవాటైతే ఊరుకోదు" అనేది.

ఇంటామెను, అరబ్బీలో అమ్మ అన్నట్టు, మామా అనేవాళ్లం. ఆమె భర్త పని మీద లండన్‌లో ఉన్నాడు. ఆమె తమ్ముడు పోలీసు. ఆస్ట్రేలియా వాళ్ల పోలీసు సీరియల్ ఒకటి ఏళ్ల తరబడి వస్తుంటే అతను వీడియో టేపుల్లోకి ఎక్కించి పెట్టుకున్నాడు. సాయంత్రాలు అతను సోఫాలో, అక్క కింద వెల్లుల్లి ఒలుచుకుంటూ చూసేవాళ్లు. అక్కకు ఇంగ్లీషు రాదు. అతను హిందీలో అరకొరగా కథ చెబితే వినేది. అయినా ఆమె హీరోలను చూసేది కాదు. అప్పుడప్పుడు వచ్చిపోయేవాళ్లనే చూసేది. స్టేషన్లో ఫైళ్లు మోసే ముసలాయనకు మేజాబల్ల తాత అని, శవాలను పరీక్షించే డాక్టరమ్మకు చేతి తొడుగుల చిన్నమ్మ అని, స్టేషన్ ఎదురుగా రొట్టెలమ్మే లావుపాటి ఆవిడకు కొట్టు సుబ్బమ్మ అని పేర్లు పెట్టింది. దొంగను పట్టుకునేటప్పుడు కూడా కొట్టామెనే చూస్తావేమని మామా తమ్ముడు ఎగతాళి చేసేవాడు. "హీరోలు ఎంతమంది మారారో చూడు బాబూ. ట్రాన్స్‌ఫరంటారు, పోతారు. సుబ్బమ్మ మాత్రం రోజూ కొట్టు తీస్తానే ఉంది" అనేది.

ఒక టేపు మళ్లీ మళ్లీ పెట్టించుకునేది. అందులో సుబ్బమ్మ ఒక సాక్షిని కొట్టు వెనకగదిలో దాస్తుంది. అతని కోసం దుర్మార్గులు వస్తారు. బల్ల మీద రెండు టీ కప్పులుంటాయి. సుబ్బమ్మ ఏమీ మాట్లాడదు. ఒక కప్పు తాగి పెట్టి, రెండోదీ తీసి తాగుతుంది. వాళ్లు వెళ్లిపోతారు. ఆమె సీరియల్లో కనిపించేది అంతంత మాత్రమే.

ఇరాక్ సైన్యం వచ్చాక పోలీసులను వెతికి పట్టుకుపోవడం మొదలైంది. మామా తమ్ముడు మేడ మీద నీళ్ల ట్యాంకుల వెనకున్న చిన్న గదిలోకి చేరాడు. మొదటి సోదాలో సైనికులు టీవీ, వీడియో ఎత్తుకుపోయారు. మనవాళ్లు చాలామంది బస్సులెక్కి వెళ్లిపోయారు. మామాను వదిలి అక్క కదలలేదు, అక్కను వదిలి నేను కదలలేదు. మామా ఒకే నియమం పెట్టింది. వంటింట్లో మూడు ప్లేట్ల కంటే ఎక్కువ కనబడకూడదు. మేడ మీదికి అన్నం బకెట్లో విడిచిన బట్టల కింద పెట్టి పట్టుకుపోవాలి. రోజూ పట్టుకుపోయేది నేనే.

ఇక నా తప్పు రాయాలి.

వంటింటి అలమారలో పప్పు డబ్బాల వెనక నా దేవుడి పటం ఉండేది. మామాకు తెలుసు, తెలియనట్టు ఉండేది. కార్తీక సోమవారం పగలంతా ఉపవాసం ఉండి, సంధ్య వేళ దీపం పెట్టి, మిగిలిన కాస్త బెల్లంతో అన్నం వండాను. ప్రసాదం ఇంట్లో అందరికీ అందాలి. దాన్ని విడిచిన బట్టల కింద పెట్టడానికి నాకు మనసొప్పలేదు. అక్కకు షుగరని తెలిసీ, ప్రసాదం కదా అని ఆమెకూ వడ్డించాను. గట్టు మీద నాలుగు ప్లేట్లు పెట్టాను. "నాలుగోది తీయవే" అంది అక్క. "ఒక్క నిమిషమేలే అక్కా, నేనే చేత్తో తీసుకపోతా" అన్నాను.

ఆ నిమిషంలోనే సైనికులు వచ్చారు. వాళ్ల అధికారి మా ముగ్గురినీ చూశాడు, గట్టు చూశాడు. ముగ్గురికి నాలుగు ప్లేట్లేమిటని, నాలుగోది ఎవరిదని అరబ్బీలో అడిగాడు. మామా ముఖం తెల్లబోయింది. నా కళ్లు నాకు తెలియకుండానే మెట్ల వైపు పోతున్నాయి.

"దీపం చూడవే పిల్లా, కొండెక్కుద్ది" అంది అక్క తెలుగులో, మామూలు గొంతుతో. నేను దీపం వైపు తిరిగాను. తర్వాత తన వంటింటి అరబ్బీలో ఆయనతో, "రెండూ నావే సార్. నా ఒళ్లు చూడండి, ఒక్క ప్లేటు ఏ మూలకి?" అంది.

సైనికులు నవ్వారు. అధికారి నవ్వలేదు. "అయితే తిను" అన్నాడు.

అక్క తొందరపడలేదు. ఒక ప్లేటు ఖాళీ చేసి పెట్టి, రెండోది తీసుకుంది. అచ్చం ఆ టేపులో లాగే. వాళ్లు చివరి మెతుకు దాకా చూసి వెళ్లిపోయారు.

అక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. ఆ సైనికులకు అక్క తిండి ఒక వేడుకైంది. నాలుగైదు రోజులకోసారి ఖర్జూరాలో, చక్కెర బిస్కెట్లో తెచ్చి, తినమని చుట్టూ నిలబడేవాళ్లు. వద్దంటే ఆ రోజు చెప్పింది అబద్ధమని తేలిపోతుంది. అక్క తినేది, జోకులు కూడా వేసేది. వాళ్లు వెళ్లాక స్నానాల గదిలో వాంతి చేసుకోవాలని చూసేది. అప్పటికి మాత్రలు అయిపోయాయి. చలికాలంలో కాలికి పుండు పడింది. వేళ్లు నల్లబడ్డాయి. యుద్ధం ముగిసి ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి పాదం తీసేయాల్సి వచ్చింది. మాత్రలు లేకపోవడం వల్లే ఇలా అయిందని డాక్టరు నాతో అన్నాడు. నేనూ అదే నమ్మాలని ఎన్నో ఏళ్లు ప్రయత్నించాను.

మామా తమ్ముడు బతికాడు. మళ్లీ పోలీసయ్యాడు, పెళ్లయింది, పిల్లలు పుట్టారు. పాదం సంగతి అడిగితే గాజుపెంకు గుచ్చుకుందని అక్క చెప్పింది. ఊరికి వెళ్లేముందు నన్ను అలమార ముందు నిలబెట్టి ఒట్టు వేయించుకుంది. ఎందుకని అడిగాను.

"వాళ్లకి తెలిస్తే నా ముఖం చూసినప్పుడల్లా ఏడుస్తారు. నువ్వేమో దీపం పెట్టడం మానేస్తావ్. అది నాకిష్టం లేదు" అంది.

మానలేదు. ప్రతి కార్తీక సోమవారం పెడుతున్నాను. కానీ దాని ముందు కూర్చుని, క్షమించమని దేవుణ్ని అడగాలో అక్కను అడగాలో ఇప్పటికీ తెలియదు. ఫోన్లో ఎప్పుడు ఆ మాట ఎత్తినా, "నీ పిచ్చి గాని, కొట్టు సుబ్బమ్మ ఇంకా కొట్టు తీస్తందంటావా?" అని మాట మార్చేది.

ఈ కాగితాలు ఎవరి చేతికి వచ్చినా ఒక్కటే కోరుతున్నాను. చించేయకండి, దాచండి. ఎవరికీ చూపించకండి. అక్క మేనకోడలికి అసలే వద్దు. ఒట్టు ఒట్టే. అక్క తీపి కోసం ఆశపడిన మనిషి కాదని ఎక్కడో ఒకచోట రాసి ఉంటే చాలు.

ఆ సాయంత్రం సైనికుల జీపు చప్పుడు దూరమయ్యాక అక్క గిన్నె అడుగు గీకింది. నిమ్మకాయంత ముద్ద వచ్చింది. ఉతికిన గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టి, "పైకి ఇచ్చిరా. ప్రసాదం అందాలి కదా" అంది. నేను మెట్లెక్కుతూ వెనక్కి చూశాను. అక్క కుళాయి కింద చెయ్యి పెట్టి, వేళ్లకు అంటిన బెల్లాన్ని రుద్ది రుద్ది కడుక్కుంటోంది.